అప్‌డేట్: టోకినా కొనలేదు, 10-18తోనే ఉన్నా

నా కెనాన్ 10-18 ఎంఎం వైడ్ లెన్సు అమ్మేసి టోకినా 11-20 ఎఫ్ 2.8 లెన్సు కొనొచ్చా అని ఇక్కడ అడిగాను కదా. ముందు అద్దెకు తెచ్చి చూడమన్నారు, తెచ్చా. చీకటి పడ్డాక రెండూ పట్టుకుని మైలాపూరు కపాలీశ్వరుడి గుడికెళ్లా. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది; 18 ఎంఎం జూమ్ దగ్గర నాది ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. టోకినాలో నాలుగు రెట్ల వెలుతురు. మాడవీధిలో నడిచే జనాన్ని ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం, పెంచితే ఫొటోలో నలుసులు) 6400 బదులు 1600లోనే తీయగలిగా. కానీ గోపురం ఎక్కడికీ నడవదుగా! దానికి నా లెన్సులోని స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిదిద్దేది) చాలు, టోకినాలో అసలది లేదు. కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలిపోవడం రెండింట్లోనూ ఒకటే. పైగా లెన్సు ముందు బిగించే ఫిల్టర్లు 67 నుంచి 82 ఎంఎంకి మార్చాలి, ఈ ఖర్చు సంగతి ఒక్కరూ చెప్పలేదేంటండీ? పెళ్లి ఆర్డర్లు మొదలైతే అప్పుడు చూస్తా.