అఫ్గానిస్తాన్: సైన్యాలు వెళ్లాక 1989కీ 2021కీ ఇంత తేడా ఎందుకు?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్. 1989 ఫిబ్రవరి 15న అక్కడి సోవియట్ సేనాధిపతి జనరల్ గ్రోమోవ్ సరిహద్దు నది అము దర్యా మీది వంతెన దాటడంతో సోవియట్ సైన్యం వెళ్లిపోయింది. సోవియట్ మద్దతుతో ఉన్న అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా ఇక ఎంతోకాలం ఉండడనే చాలామంది అనుకున్నారు, కానీ ఆ మార్చిలో జలాలాబాద్ నగరం మీద ముజాహిదీన్ల (ప్రభుత్వంతో పోరాడుతున్న తిరుగుబాటుదారుల) దాడిని ఆయన సైన్యం తిప్పికొట్టింది, ప్రభుత్వం 1992 ఏప్రిల్ దాకా నిలబడింది. 2021లో అమెరికా ఆఖరి విమానం వెళ్లింది ఆగస్టు 30న, కాబూల్ మాత్రం 15నే తాలిబాన్ల చేతికి పోయింది!

మాస్కో నుంచి ఆయుధాలు, ఇంధనం, డబ్బు వచ్చినన్నాళ్లూ నజీబుల్లా నిలిచాడు, సోవియట్ యూనియనే కూలి అవి ఆగాక ఆయన వైపు పోరాడిన మిలీషియా నాయకుడు దోస్తుమ్ లాంటివాళ్లు పక్షం మార్చేశారు అంటారు. నాకూ అది సబబుగానే ఉంది. మరి 2021లో డబ్బు ఇంకా వస్తూనే ఉంది కదా? విమానాలు బాగుచేసే విదేశీ కాంట్రాక్టర్లు వెళ్లిపోవడం వల్లా, లేక అమెరికా, తాలిబాన్లు చేసుకున్న 2020 దోహా ఒప్పందంలో కాబూల్ ప్రభుత్వాన్ని పక్కన పెట్టేసరికి సైనికులకు ధైర్యం పోయిందా?

అక్కడ ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి మూసేశారు, అది తలుచుకుంటే బాధేస్తుంది, అందుకే ఏది ముఖ్య కారణమో సరిగ్గా తెలుసుకోవాలని ఉంది. రెండింటినీ పోల్చిన మంచి పుస్తకం తెలుగులోగానీ ఇంగ్లిష్‌లోగానీ ఉంటే పేరు చెప్పండి.