ఎ.జి. గాస్టన్ వ్యాసం మొదటి వాక్యంలో "ఉద్యమకారుడు" అన్న మాట ఉండాలా?

పలకబలపం:
అమెరికా పౌర హక్కుల పోరాటం మీద తెలుగు వికీ కోసం రాస్తున్న వ్యాసాల్లో తరువాతిది ఆర్థర్ జార్జ్ గాస్టన్‌ది. చిత్తుప్రతి మొదటి వాక్యం ఇది: "ఆర్థర్ జార్జ్ గాస్టన్ (1892 జులై 4 – 1996 జనవరి 19) అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌కు చెందిన పౌర హక్కుల ఉద్యమకారుడు, వ్యాపారవేత్త."

ఇందులో "ఉద్యమకారుడు" తీసేయాలని ఈతముల్లు గారు, ఉంచాలని పాతకాగితం గారు అంటున్నారు. గాస్టన్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తాతముత్తాతలు బానిసలుగా బతికిన కుటుంబం. పుట్టింది డెమోపోలిస్ అనే చిన్న ఊళ్లో. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేసి వచ్చి, బర్మింగ్‌హామ్ పక్కన ఉక్కు, బొగ్గు కంపెనీలో కూలికి చేరారు. అక్కడి నుంచి బీమా కంపెనీ, అంత్యక్రియల సంస్థ, వ్యాపార కళాశాల, మోటెల్, పొదుపు బ్యాంకు, రేడియో దాకా వెళ్లారు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్‌లో నడిపిన పోరాటానికి మకాం ఆయన మోటెలే. గొడవంతా ఆ 1963లో ఆయన నడిచిన తీరు గురించే. వాదించేవాళ్లు ఆధారం చూపించి వాదించండి.

ఈతముల్లు:
నా అభ్యంతరం సూటిగా చెబుతాను. ఉద్యమానికి డబ్బిచ్చినవాడూ ఉద్యమం నడిపినవాడూ ఒకటి కాదు. 1963 ఏప్రిల్ మొదట్లో కింగ్ బర్మింగ్‌హామ్‌లో ప్రదర్శనలు మొదలుపెట్టినప్పుడు గాస్టన్ ఒక ప్రకటన ఇచ్చారు. సమస్యను ఊళ్లోని నల్లజాతి, తెల్లజాతి పెద్దలు కూర్చుని తేల్చుకోవాలన్నది దాని సారం. కింగ్‌ను బలపరుస్తున్నట్టు అందులో ఒక్క ముక్క లేదు. మే నెలలో బడిపిల్లలను ఊరేగింపులకు పంపుతామన్నప్పుడు కూడా ఆయన వద్దన్నవాళ్లలోనే ఉన్నారు.

ఇక సంపాదన సంగతి. కంపెనీలో కూలీగా ఉన్నప్పుడు తోటి కూలీలకు డాలరుకు పావు డాలరు వడ్డీకి అప్పులిచ్చేవారు. జీతం రోజు రాగానే వసూలు. నూటికి పాతిక, అదీ ఏడాదికి కాదు, జీతానికీ జీతానికీ మధ్య! తరువాతి వ్యాపారాలు కూడా తెల్లవాళ్లు నల్లవాళ్లను తలుపు బయట నిలబెట్టినందువల్ల దొరికిన గిరాకీ మీద పెరిగినవే. వేర్పాటు గోడ ఎంత ఎత్తుంటే ఆయన దుకాణానికి అంత గిరాకీ.

ఆయన పక్కన బర్మింగ్‌హామ్ ఉద్యమ నాయకుడు, పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్‌ను పెట్టి చూడండి. 1956 క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటి మీద బాంబు వేశారు. 1957లో కూతుళ్లను తెల్లపిల్లల బడిలో చేర్పించబోతే గొలుసులతో కొట్టారు. 1963 మేలో అగ్నిమాపక గొట్టం నీళ్ల దెబ్బకు ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరికీ ఒకే మాట వాడితే ఆ మాటకు విలువేముంటుంది?

పాతకాగితం:
షటిల్స్‌వర్త్‌తో పోల్చి చూస్తే ఆ రోజుల్లో అలబామాలో ఉద్యమకారుడని అనిపించుకోగలిగేవాళ్లు పదిమంది కూడా మిగలరు. కొలబద్ద అది కాకూడదు.

1956లో అలబామా ప్రభుత్వం కోర్టు ఉత్తర్వుతో నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నోరు నొక్కింది. వెంటనే షటిల్స్‌వర్త్ కొత్త సంస్థ పెట్టాలనుకున్నారు. దాని గురించి మొదట కూర్చుని మాట్లాడుకున్నది ఎక్కడో తెలుసా? స్మిత్ అండ్ గాస్టన్ అంత్యక్రియల సంస్థ కార్యాలయంలో. అదే ఏడు అలబామా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి విద్యార్థిని ఆథరీన్ లూసీకి ఆయన చడీచప్పుడు లేకుండా డబ్బు సాయం చేశారు.

1957లో టస్కీగీ పట్టణం సరిహద్దులను రాష్ట్ర ప్రభుత్వం తిరగగీసింది. చతురస్రంగా ఉన్న ఊరు 28 భుజాల ఆకారంగా మారింది, నల్లజాతి ఓటర్లు దాదాపు అందరూ ఊరి బయట పడ్డారు. వాళ్లు తెల్లవాళ్ల దుకాణాలను బహిష్కరించారు. దానికి బదులుగా తాకట్టు ఇళ్లు జప్తు చేస్తామని బెదిరింపులొచ్చాయి. ఆ ఇళ్లవాళ్లకు అప్పు సర్దినది గాస్టన్. తాను ఖాతాలుంచిన ఒక పెద్ద బ్యాంకులో మంచినీళ్ల కుళాయి మీద "తెల్లవారికి మాత్రమే" అన్న బోర్డు ఉంటే, అది తీయకపోతే ఖాతాలు మూసేస్తానని చెప్పి తీయించారు కూడా.

పోలీసు దెబ్బలు తిన్నవాళ్ల జాబితాలో ఆయన లేకపోవచ్చు. కానీ ఇవేవీ వ్యాపారం కోసం చేసినవి కావు కదా.

లెక్కలచిట్టా:
ఇద్దరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు గనుక ఆ డబ్బు ఎలా పనిచేసిందో కాస్త వివరంగా చెప్పాలి. అది తెలియకుండా ఈ మనిషిని అంచనా వేయలేం.

మొదట అంత్యక్రియల సంఘం. కంపెనీ గేటు దగ్గర జీతం రోజున "చావు ఖర్చుకు" అంటూ చందాలు అడిగేవాళ్లను చూసి గాస్టన్‌కు ఈ ఆలోచన వచ్చింది. అడిగేవాళ్లలో మోసగాళ్లూ ఉండేవారు. 1923లో బుకర్ టి. వాషింగ్టన్ పేరుతో సంఘం పెట్టారు. వారం వారం కొన్ని సెంట్లు కడితే చావు ఖర్చు సంఘానిది. కాగితం మీద చూస్తే తేలిక వ్యవహారం. నడపబోతే తెలుస్తుంది కష్టం. ఇలాంటి సంఘంలో ముందుగా చేరేది ముసలివాళ్లూ జబ్బుపడ్డవాళ్లే. నిధి పోగవకముందే చావులు వస్తాయి, మొదటి అంత్యక్రియకే పెట్టె ఖాళీ అవుతుంది. దాని నుంచి బయటపడే దారులు రెండే. ఆరోగ్యవంతులను పెద్ద సంఖ్యలో చేర్చుకోవాలి, లేదా అంత్యక్రియల ఖర్చును తన చేతిలో ఉంచుకోవాలి. గాస్టన్ రెండూ చేశారు. చర్చిలను పట్టుకుని సభ్యులను పెంచారు, మామ ఎ.ఎల్. స్మిత్‌తో కలిసి అంత్యక్రియల సంస్థ పెట్టారు. సంఘం చెల్లించే డబ్బు మళ్లీ తన సంస్థకే వస్తుంది, పెట్టెలూ బండ్లూ అసలు ఖరీదుకే పడతాయి. 1932లో అది చట్టబద్ధమైన బీమా కంపెనీ అయింది. లెక్కలు రాసేవాళ్లు, టైపిస్టులు దొరక్క 1939లో వాళ్లను తయారుచేసే కళాశాలే పెట్టారు.

1957లో సిటిజన్స్ ఫెడరల్ అనే పొదుపు, గృహరుణ సంస్థ వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివారి పెన్నీ సేవింగ్స్ బ్యాంకు 1915లో మూతపడ్డాక 40 ఏళ్లకు పైగా వాళ్లకంటూ బ్యాంకు లేదు. పొదుపు చేసుకున్నా ఆ డబ్బు తెల్లవాళ్ల బ్యాంకుకు పోయేది, అదే మనిషి ఇంటి అప్పుకు వెళితే తిప్పి పంపేవారు. ఈతముల్లు గారు "గోడ ఎత్తు" అన్నారు, నిజమే, గిరాకీ గోడ వల్లే వచ్చింది. కాకపోతే ఆ గిరాకీ లాభాన్ని గోడకు ఇవతల ఇళ్ల అప్పులుగా తిప్పినవాడు కూడా ఆయనే.

మీరిద్దరూ వదిలేసిన సంగతి ఇంకొకటుంది. బీమా కంపెనీ నడవాలంటే రాష్ట్రం అనుమతి కావాలి. సభ్యుల జాబితా ఇవ్వలేదని ఎన్‌ఏఏసీపీని కోర్టు ద్వారా ఆపేసింది ఆ రాష్ట్రమే. లైసెన్సు ఒక్కటి రద్దయితే వేలమంది పేదల చావు ఖర్చు నిధి గాలిలో కలుస్తుంది. షటిల్స్‌వర్త్ తన ప్రాణాన్ని పణంగా పెట్టగలరు, అది ఆయన సొంతం. పాలసీదారుల డబ్బు గాస్టన్ సొంతం కాదు. ఆయన జాగ్రత్తను పిరికితనం అనేముందు ఈ తేడా చూడాలి.

ఈతముల్లు:
లెక్కలచిట్టా గారూ, ఆ తేడా ఒప్పుకుంటాను. ఆ వాదన నాకు ఇంతవరకు తట్టలేదు. అయినా అది "ఎందుకు వెనకాడారు" అన్న ప్రశ్నకు జవాబు. "వెనకాడలేదు" అని చెప్పదు.

మంచుముత్యం:
ఒక సందేహం. జైల్లో పడ్డ పిల్లలందరి బెయిలూ గాస్టనే కట్టారని కొన్నిచోట్ల రాస్తున్నారు. వ్యాసంలో అది పెట్టవచ్చా?

లెక్కలచిట్టా:
పెట్టకండి. రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

బెయిల్ ఎలా నడిచిందో చూద్దాం. అరెస్టయిన ప్రతి మనిషికీ విడిగా పూచీ చూపించాలి. రొక్కమైనా కట్టాలి, ఇల్లో స్థలమో ఉన్నవాళ్లు ఆస్తి పూచీ అయినా ఇవ్వాలి. ఒకరి కోసం పూచీ పెట్టిన ఆస్తి ఆ కేసు తేలేదాకా ఇరుక్కుపోతుంది, అదే విలువను ఇంకొకరికి చూపించడం కుదరదు. బర్మింగ్‌హామ్ అధికారులు బెయిల్ మొత్తాలను విపరీతంగా పెంచింది ఇందుకే. నూరుమంది లోపలికి వెళ్లేసరికి ఉద్యమం దగ్గర రొక్కం అయిపోతుంది. ఏప్రిల్ 12 గుడ్ ఫ్రైడే పొద్దున కింగ్ ముందున్న చిక్కు సరిగ్గా ఇదే. బెయిల్ నిధి ఖాళీ. నిధులు సేకరించాలంటే ఆయన బయట ఉండాలి, కానీ జైలుకు వెళతానని ముందే మాటిచ్చారు. గాస్టన్ మోటెల్ 30వ నంబరు గదిలో రెండు డజన్ల మంది కూర్చుని తర్జనభర్జన పడ్డారు. కింగ్ పక్క గదిలోకి వెళ్లి, ముతక పని దుస్తులు వేసుకుని వచ్చి, జైలుకే బయలుదేరారు.

మే మొదటి వారంలో వెయ్యికి పైగా పిల్లలు లోపలికి వెళ్లాక వాళ్ల బెయిల్ సొమ్ములో పెద్ద భాగం దేశంలోని కార్మిక సంఘాల నుంచి వచ్చింది. మోటారు కార్మికులు, ఉక్కు కార్మికులు, ఓడ కార్మికుల సంఘాలు. అది గాస్టన్ డబ్బు కాదు.

గాస్టన్ కట్టింది మే 8న. అనుమతి లేకుండా ఊరేగింపు తీసినందుకు శిక్షపడిన కింగ్, ఆయన సహచరుడు అబర్నతీ పై కోర్టుకు వెళ్లాలంటే ఒక్కొక్కరూ 2,500 డాలర్లు కట్టాలన్నారు జడ్జి. ఇద్దరూ జైలుకెళ్లారు. గాస్టన్ 5,000 డాలర్లు కట్టి వాళ్లను బయటికి తెచ్చారు.

ఈతముల్లు:
ఆ మే 8నే చూడండి. నా అభ్యంతరం మొత్తం ఆ ఒక్క రోజులో ఉంది. అప్పటికి ఊళ్లోని తెల్లజాతి వ్యాపారులతో చర్చలు సాగుతున్నాయి, కింగ్ ప్రదర్శనలకు విరామం ప్రకటించారు. ఆసుపత్రి నుంచి లేచి వచ్చిన షటిల్స్‌వర్త్ ఆ విరామం విని మండిపడ్డారు. చేతికందిన గెలుపును వదిలేస్తున్నారన్నది ఆయన కోపం. కింగ్ జైల్లోనే ఉండిపోతే జనం మళ్లీ వీధుల్లోకి వచ్చేవారు, ఒప్పందం షరతులు గట్టిపడేవి. గాస్టన్ డబ్బు కట్టి ఆ దారి మూసేశారు. మే 10 ఒప్పందం ఏమిచ్చిందో చదవండి. దుస్తులు వేసి చూసుకునే గదులు 3 రోజుల్లో, కుళాయిల మీద బోర్డులు తీయడం నగరాన్ని ఎవరు పాలించాలన్న వివాదం కోర్టులో తేలిన 30 రోజులకు, భోజనం కౌంటర్లు 60 రోజులకు. నల్లజాతివారికి ఉద్యోగాలిచ్చే దగ్గర వ్యాపారులు మరీ బిగపట్టారు. పోరాటం ఇంకో వారం నడిచి ఉంటే?

పాతకాగితం:
ఇంకో వారం నడిచి ఉంటే వచ్చేది గెలుపో తుపాకులో చెప్పలేం. మాట తప్పడం ఆ వ్యాపారులకు కొత్త కాదన్నది మాత్రం నిజం. 1962 సెప్టెంబరులో కింగ్ సంస్థ మహాసభకు ముందు కొన్ని దుకాణాలు బోర్డులు తీశాయి, సభ అయ్యాక మళ్లీ పెట్టేశాయి. ఒప్పందంలో రోజుల లెక్క పట్టుబట్టి రాయించింది అందుకే.

ఇక మీరు చూడని రోజు మే 3. ఆ రోజు గాస్టన్ ప్రదర్శనలు జరుగుతున్న కెల్లీ ఇంగ్రమ్ పార్కు ఎదురుగా తన కార్యాలయంలో ఉన్నారు. డేవిడ్ వాన్ అనే తెల్లజాతి లాయరుతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. పిల్లలను తెచ్చినందుకు కింగ్ మీద ఇద్దరికీ కోపమే. మాట మధ్యలో కిటికీలోంచి చూస్తే, గొట్టం నీళ్లు ఒక చిన్నపిల్లను వీధిలో దొర్లించుకుపోతున్నాయి. ఇక మాట్లాడలేనని చెప్పి ఫోన్ పెట్టేశారు. ఈ సంగతి తరువాత చెప్పింది గాస్టన్ కాదు, వాన్. అందుకే దాన్ని నమ్ముతాను.

ఒప్పందం మర్నాడు, మే 11 రాత్రి, మోటెల్‌లో 30వ గది కింద బాంబు పేలింది. కింగ్ అప్పటికే అట్లాంటా వెళ్లిపోయారు. సెప్టెంబరులో గాస్టన్ ఇంటి మీద కూడా మంటబాంబులు వేశారు. అదే నెల 15న పదహారో వీధి బాప్టిస్టు చర్చిలో నలుగురు ఆడపిల్లలు చనిపోయారు, మోటెల్‌కు కూతవేటు దూరంలో. ఆయనను ఉద్యమకారుడు అనాలా వద్దా అన్న అనుమానం బాంబులు వేసినవాళ్లకు లేదు.

ఈతముల్లు:
బాంబు వేసినవాడి గుర్తింపు మనకు ప్రమాణం కాకూడదు. మోటెల్‌కు బాంబు పెట్టింది కింగ్ కోసం. ఇంటి మీద దాడి మాత్రం గాస్టన్ మీదే, అది మీ వాదనకు బలమే. వాన్ సంగతి కూడా.

మంచుముత్యం:
1964 పౌర హక్కుల చట్టం తరువాత మోటెల్ ఏమైందో చిత్తుప్రతిలో ఒక్క వాక్యమే ఉంది. అది పెంచాలి. 32 గదులు, ఏసీ, 1954లో ప్రారంభం. నల్లజాతి ప్రయాణికులకు వేరే హోటల్‌లో గది దొరకని రోజుల్లో నడిచిన చోటు. చట్టం వచ్చాక వాళ్లు ఏ హోటల్‌కైనా వెళ్లవచ్చు, వెళ్లారు. గిరాకీ పడిపోయి, 1980లలో వృద్ధుల నివాసంగా మారి, చివరికి ఖాళీ పడింది. ఈతముల్లు గారి "గోడ" వాదనకు జవాబు ఇక్కడే ఉందనిపిస్తుంది. గోడ పడితే తన వ్యాపారానికే దెబ్బ అని తెలిసి కూడా గోడ పడగొట్టేవాళ్లకు గదులిచ్చారు.

2017 జనవరి 12న ఒబామా దాన్ని జాతీయ స్మారకంలో చేర్చారు. బర్మింగ్‌హామ్ వెళ్లే తెలుగువాళ్లు పదహారో వీధి చర్చి, పార్కు, మోటెల్ ఒకే నడకలో చూడవచ్చు.

లెక్కలచిట్టా:
1987 అమ్మకం కూడా చేర్చండి. బీమా కంపెనీని ఉద్యోగుల వాటా పథకం ద్వారా వాళ్లకే 34 లక్షల డాలర్లకు ఇచ్చారు. అసలు విలువ దానికి దాదాపు పది రెట్లు. బయటివాళ్లకు అమ్మితే ఆ తేడా అంతా ఆయనకే దక్కేది. డాలరుకు పావలా వడ్డీ సంగతి కూడా తీసేయకండి. రెండూ ఒకే మనిషివి, రెండూ వ్యాసంలో ఉండాలి.

పలకబలపం:
మొదటి వాక్యం ఇలా మార్చాను, చూడండి:

"ఆర్థర్ జార్జ్ గాస్టన్ (1892 జులై 4 – 1996 జనవరి 19) అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌కు చెందిన వ్యాపారవేత్త. పౌర హక్కుల ఉద్యమానికి ఆర్థికంగా అండగా నిలిచాడు. 1963 ప్రదర్శనల పద్ధతిపై ఉద్యమ నాయకులతో విభేదించాడు."

మే 3, మే 8 రెంటికీ విడి పేరాలు పెడుతున్నాను. మే 8 పేరాలో షటిల్స్‌వర్త్ అభ్యంతరం కూడా వస్తుంది.

ఈతముల్లు:
నాకు సమ్మతమే. వడ్డీ పేరా ఎక్కడో అడుగున కాకుండా బాల్యం, ఉద్యోగం విభాగంలోనే ఉంచండి.

పాతకాగితం:
"ఆర్థికంగా" అన్న మాట మీద నాకు అభ్యంతరం. 1956లో ఆయన ఇచ్చింది కార్యాలయం. 1963లో ఇచ్చింది గది. ఆ రోజుల్లో అలబామాలో షటిల్స్‌వర్త్‌కు కూర్చోవడానికి చోటివ్వడం డబ్బివ్వడం కన్నా ప్రమాదం, డబ్బయితే కనిపించకుండా ఇవ్వవచ్చు. "ఆర్థికంగా" తీసేసి "చోటూ సొమ్మూ ఇచ్చి అండగా నిలిచాడు" అని రాయండి.

పలకబలపం:
మార్చాను.