అమ్మ ఇజ్రాయెల్ నుంచి తెచ్చిన యూదుల ప్రార్థన వస్తువులను ఎలా కాపాడాలి?

ప్రశ్న: జగిత్యాల నుంచి

మా అమ్మ ఇజ్రాయెల్‌లో ఒక యూదు పెద్దాయనకు చాలా ఏళ్లు సంరక్షకురాలిగా పనిచేసి, ఆయన మరణించిన తరువాత ఇంటికి తిరిగి వచ్చారు. ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఆయన కూతురు, తాతల నాటి కొన్ని వస్తువులను అమ్మ చేతిలో పెట్టి, తన తండ్రిని సొంత తండ్రిలా చూసుకున్నందుకు వీటిని ఉంచుకొమ్మన్నారట. వాటిలో పాదం ఉన్న ఒక వెండి పాత్ర, అట్ట ఊడిన ప్రార్థన పుస్తకం, మఖ్మల్ సంచిలో నల్లని తోలు పట్టీలు చుట్టిన రెండు చిన్న పెట్టెలు ఉన్నాయి. ఒక పెట్టెకు రెండు పక్కలా ఒక అక్షరం ఉబ్బెత్తుగా ఉంది. ఒక పక్క దానికి మూడు కొమ్మలుంటే, మరో పక్క నాలుగున్నాయి.

నాయనమ్మ భక్తితో పాత్రకు పసుపు, కుంకుమ పెట్టి దేవుని అర్రలో ఉంచింది. బాపు దాన్ని కరీంనగర్‌లో మెరుగు పెట్టిద్దామంటున్నారు. వానలకు తోలు పట్టీల మీద తెల్లగా బూజు పట్టింది. పెట్టెను విప్పి లోపల కూడా తుడవవచ్చా? అమ్మకు ఇవి ఎంతో విలువైనవి కాబట్టి, తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: హన్మకొండ నుంచి

పెట్టెను ఏ పరిస్థితిలోనూ విప్పకండి. అవి తెఫిలిన్. యూదు పురుషులు పనిదినాలలో ఉదయపు ప్రార్థన వేళ ఒకదాన్ని చేతికి, మరొకదాన్ని పెళ్లి బాసికంలా తలకు, అయితే నుదుటి మీద కాక జుట్టు మొదలయ్యే చోట కట్టుకుంటారు. షబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం) నాడు, పండుగలనాడు కట్టుకోరు. లోపల తోలు పత్రాల మీద బైబిల్‌లోని నిర్గమకాండము 13వ అధ్యాయం నుంచి రెండు భాగాలు, ద్వితీయోపదేశకాండము 6, 11 అధ్యాయాల నుంచి ఒక్కొక్క భాగం చేతితో రాసి ఉంటాయి. చేతి పెట్టెలో ఈ నాలుగూ ఒకే పత్రం మీద ఉంటే, తల పెట్టెలో నాలుగు వేర్వేరు అరలలో నాలుగు పత్రాలుంటాయి. మీరు చూసిన కొమ్మల అక్షరం హీబ్రూ లిపిలోని 'షిన్'. అది తల పెట్టె మీదే ఉంటుంది.

సోఫేర్ అనే లేఖకుడు వీటిని నియమంతో రాస్తాడు. ఒక్క అక్షరం చెరిగినా పత్రం చెల్లదు. పెట్టె మూలలు అరిగి చతురస్రపు ఆకారం పోయినా చెల్లదు. పెట్టెను పశువు నరంతో కుడతారు. ఆ కుట్టు మనం విప్పితే తిరిగి వేయలేము. పట్టీలను నీడలో, గాలి తగిలే చోట కొద్దిసేపు ఉంచి, పొడి మెత్తని గుడ్డతో తుడవండి. నీరు, కొబ్బరినూనె, ఎండ మూడూ వద్దు. తరువాత సంచిని తేమ పీల్చే సిలికా పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో, బీరువా పై అరలో పెట్టండి.

పుస్తకం చిరిగినా పారవేయకండి. దేవుని పేరు రాసి ఉన్న పాత ప్రతులను యూదులు గెనీజా అనే చోట దాచి, తరువాత భూమిలో పాతిపెడతారు. కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనాలయంలో అలా శతాబ్దాలుగా పోగుపడిన రాతలను 1896–97లో సోలొమన్ షెక్టర్ అనే పండితుడు పరిశీలించి చాలా భాగం ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి తరలించారు; అక్కడ ఇప్పుడు లక్షా తొంభై వేలకు పైగా శకలాలున్నాయి. ఒక సమాజం తన చిరుగు కాగితాన్ని సైతం గౌరవించడం వల్లనే మధ్యయుగపు వ్యాపార లేఖలు, పెళ్లి ఒప్పందాలు కూడా మనకు దక్కాయి.

సమాధానం: కరీంనగర్ నుంచి

మా ఇంట్లో వెండి తీగ పని తరతరాలుగా ఉంది కాబట్టి పాత్ర గురించి మాత్రం చెబుతాను. మెరుగు పెట్టించవద్దు. మెరుగు చక్రం కింద పాత చెక్కడపు గీతలు అరిగిపోతాయి. చింతపండు, విభూతి కూడా గట్టిగా రుద్దితే అంతే. అంచు కిందో, అడుగునో 84 అనే ముద్ర ఉందేమో చూడండి. అది రష్యా సామ్రాజ్య కాలపు ముద్ర; నూటికి 87.5 పాళ్ల వెండి అని దాని అర్థం. అది ఉంటే ఆ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ఆధారం దొరికినట్లే. సాంబ్రాణి పొగ తగిలే చోట కాకుండా మెత్తని నూలు గుడ్డలో చుట్టి ఉంచితే సరిపోతుంది. అది బహుశా శుక్రవారం రాత్రి ద్రాక్షారసంతో ఆశీర్వచనం చెప్పే కిద్దుష్ పాత్ర.

సమాధానం: నిజామాబాద్ నుంచి

నేనూ అక్కడ పనిచేసి వచ్చినవాడినే. నాయనమ్మ మనసు నొప్పించకుండా చెప్పండి: ఇవి పూజకు ఉద్దేశించినవి కావు, కుంకుమ అవసరం లేదు. యూదులు పాత్రను, కొవ్వొత్తుల స్తంభాలను ఆజ్ఞను నెరవేర్చే సాధనాలుగా చూస్తారు. తెఫిలిన్‌ను, మెజూజాను (గుమ్మానికి బిగించే లేఖన పత్రం), తోరాను (చేతితో రాసిన ధర్మగ్రంథపు చుట్ట) అంతకంటే ఎక్కువ పవిత్రంగా భావిస్తారు. కాబట్టి పాత్ర మీ అమ్మగారి దగ్గర ఉండటంలో అభ్యంతరం ఉండకపోవచ్చు; తెఫిలిన్ విషయం వేరు. పదమూడేళ్లు నిండిన మగపిల్లవాడు వాటిని కట్టుకోవడం మొదలుపెడతాడు, తాతవి మనుమడికి ఇవ్వడం అక్కడ ఎంతో గౌరవంగా భావిస్తారు. వాడకుండా ఉన్న తెఫిలిన్‌ను ఏడేళ్లలో రెండుసార్లు సోఫేర్‌తో పరిశీలింపజేయాలని నియమం. మన దగ్గర అది కుదరదు. ఆ కూతురు దుఃఖంలో, తొందరలో ఇచ్చి ఉండవచ్చు. ఫొటో పంపి, "మీ పిల్లలలో ఎవరికైనా కావాలా?" అని ఒక్క మాట అడగండి. అడగడం వల్ల మీ అమ్మగారి గౌరవం తగ్గదు.

జవాబు: ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ కృతజ్ఞతలు. పాత్ర అడుగున 84 అని నిజంగానే ఉంది. అమ్మ ఆ కూతురికి వాట్సాప్‌లో ఫొటోలు పంపారు. అమెరికాలో ఉన్న ఆమె కొడుకుకు వచ్చే ఏడాది పదమూడేళ్లు నిండుతాయట. తెఫిలిన్, పుస్తకం తిరిగి పంపమని, పాత్ర మాత్రం అమ్మ దగ్గరే ఉండాలని చెప్పారు. కొరియర్‌లో వేయము. మా మేనమామ సెలవు ముగించుకొని తిరిగి టెల్ అవీవ్ వెళ్లేటప్పుడు చేతి సంచిలో తీసుకువెళ్లి, అక్కడి బంధువులకు అప్పగిస్తారు.