6 గంటల విరామంతో పనిచేసిన టైమర్ 12 గంటలు పెట్టగానే ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న:

నమస్కారమండీ. చెన్నై అన్నానగర్‌లో మా డాబా మీది కుండీలకు నీరు పెట్టడానికి ఏటీటైనీ85 అనే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్‌తో ఒక టైమర్ కట్టుకున్నాను. అది మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) ద్వారా చిన్న 12 వోల్టుల పంపును నడుపుతుంది. చిప్ లోపలి 8 మెగాహెర్ట్జ్ క్లాక్‌నే వాడి, ఆర్డ్యూయినోలో, చిప్ మొదలైనప్పటినుంచి గడిచిన మిల్లీసెకన్లు చెప్పే మిల్లీస్ ఫంక్షన్‌తో ప్రోగ్రామ్ రాశాను. విరామం 6 * 3600 * 1000యూఎల్ (6 గంటలు మిల్లీసెకన్లలో) అని ఉన్నంతకాలం పంపు తిరిగింది, కాకపోతే నీరు పెట్టే వేళ రోజూ కొంత వెనక్కి జరిగేది. వానలు పడ్డాక రెండు పూటలు చాలునని 6ను 12గా మార్చాను. ఇంకొక్క అక్షరం ముట్టుకోలేదు. అప్పటినుంచి స్విచ్ వేయగానే ఒకసారి తిరిగి, ఆపైన ఉలుకూ పలుకూ లేకుండా ఉంటోంది. మిల్లీస్ లెక్క 49 రోజులకు నిండి మళ్లీ సున్నాకు వస్తుందని విన్నాను గానీ, నా చిప్ అన్ని రోజులు నడవనే లేదు. సంక్రాంతికి ఊరు వెళ్లేలోపు దీన్ని సరిచేసుకోవాలి.

జవాబు 1:

చిప్ బాగానే ఉందండీ, చిక్కంతా గుణకారం జరిగే వరుసలో ఉంది. ఏటీటైనీలో ఇంట్ (మామూలు పూర్ణాంకం) అంటే 16 బిట్లు, అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. మీరు యూఎల్‌ను (అన్‌సైన్డ్ లాంగ్, అంటే రుణ గుర్తు లేని 32 బిట్ల సంఖ్య అని చెప్పే గుర్తు) చివరి 1000కి తగిలించారు. కంపైలర్ మాత్రం ఎడమవైపు నుంచి మొదలుపెట్టి ముందు 12ను 3600తో హెచ్చవేస్తుంది, ఆ రెండూ ఇంట్‌లే కాబట్టి లబ్ధం కూడా ఇంట్‌లోనే ఇమడాలి. 6 * 3600 అంటే 21,600, హాయిగా ఇమిడింది. 12 * 3600 అంటే 43,200, అది పట్టక మామూలుగా −22,336గా మారిపోతుంది. దాన్ని 1000యూఎల్‌తో హెచ్చవేస్తే 32 బిట్లలో మిగిలేది 4,27,26,31,296 మిల్లీసెకన్లు, అంటే దాదాపు 49న్నర రోజులు. పాపం మీ పంపు అన్నాళ్లూ ఎదురుచూడటానికే సిద్ధపడింది!

12యూఎల్ * 3600 * 1000 అని రాస్తే సరిపోతుంది. ప్రిఫరెన్సెస్‌లో కంపైలర్ హెచ్చరికలు ‘నన్’ అని ఉంటే ఇలాంటివి తెరమీదకు రావు; ‘ఆల్’ అని మార్చుకోండి. ఇక 49 రోజుల సంగతికి వస్తే, ఇప్పటి మిల్లీస్ నుంచి గత మిల్లీస్‌ను తీసివేసి ఆ తేడాను విరామంతో పోల్చినంతవరకు, మూడూ అన్‌సైన్డ్ లాంగ్ అయితే, లెక్క సున్నాకు వచ్చినా ఏమీ కాదు.

జవాబు 2:

వేళ జరగడానికి కారణం వేరు. ఆ చిప్ లోపలి క్లాక్‌ను నడిపే ఆసిలేటర్‌కు ఫ్యాక్టరీ ఇచ్చే హామీ 10 శాతం అటూఇటూ మాత్రమే, అంటే 12 గంటలకు 72 నిమిషాల దాకా తేడా రావచ్చు. ఆసిలేటర్ వేగాన్ని సవరించే ఓఎస్‌సీక్యాల్ రిజిస్టర్‌తో దాన్ని 1 శాతం దగ్గరకు తేవచ్చు గానీ, డాబా మీది ఎండకూ రాత్రి చల్లదనానికీ అది మళ్లీ మారుతుంది కాబట్టి నేనైతే ఆ శ్రమ పడను. డీఎస్3231 గడియారపు మాడ్యూల్ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య దాని తేడా ఏడాదికి సుమారు ఒక నిమిషమే. నీలం రంగు మాడ్యూల్ అయితే అందులో ఛార్జింగ్ సర్క్యూట్ ఉందేమో చూడండి. సీఆర్2032 బ్యాటరీని ఛార్జి చేయకూడదు కనుక, ఉంటే ఆ దారిలోని డయోడ్‌ను తీసేయాలి.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ, యూఎల్ మార్చగానే పంపు వేళకు తిరిగింది. డీఎస్3231 కూడా తెచ్చుకుంటాను. దాని అలారం తీగను ఏ పిన్‌కు కలపాలి? మధ్యలో కరెంటు పోతే ఎలా?

జవాబు 2:

ఐఎన్‌టీ0 (బయటి సంకేతం రాగానే చిప్‌ను పిలిచే ఇంటరప్ట్) పిన్‌కు కలపాలని ఎవరికైనా తోస్తుంది, కానీ ఏటీటైనీ85లో అదే పీబీ2, గడియారంతో మాట్లాడే ఎస్‌సీఎల్ తీగ కూడా అక్కడికే రావాలి. అందుకని అలారంను పీబీ3కి కలిపి, పిన్ చేంజ్ ఇంటరప్ట్‌తో (పిన్ స్థితి మారగానే పిలిచే ఏర్పాటుతో) చిప్‌ను నిద్రలేపండి. ఆ తీగకు పుల్అప్ (మామూలప్పుడు దాన్ని ఎక్కువ వోల్టేజీలో ఉంచే రెసిస్టర్) ఉండాలి. మోగిన ప్రతిసారీ అలారం ఫ్లాగ్‌ను (అలారం మోగిందని గడియారం పెట్టుకునే గుర్తును) చెరిపేయాలి, లేకపోతే తీగ తక్కువ వోల్టేజీలోనే ఉండిపోయి తర్వాతి అలారం చిప్‌కు తెలియదు. కరెంటు పోయినా గడియారం బ్యాటరీ మీద నడుస్తుంది. చిప్ లేచిన వెంటనే వేళ చదివి, తర్వాతి అలారంను తానే పెట్టుకునేలా రాయండి.

జవాబు 1:

ఒక్కటి కలుపుతాను. రీసెట్ సమయంలో చిప్ పిన్‌లు దేనికీ కట్టుబడి ఉండవు, అప్పుడు మాస్‌ఫెట్ దానంతటదే ఆన్ కావచ్చు. గేట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, పంపు కొసల మధ్య డయోడ్ లేకపోతే అదీ వేయండి. పంపును మాత్రం డాబా ట్యాంకుకు కాకుండా విడిగా ఒక డ్రమ్ముకు కలపండి. మీరు ఊళ్లో ఉండగా అది ఆగకుండా తిరిగినా డ్రమ్ములోని నీళ్లే పోతాయి.