ఆరుగురున్న టీమ్‌కి స్క్రమ్ మొత్తం కావాలా, సగం తీసుకుంటే సరిపోదా?

కోర్లగుంట:
అందరికీ నమస్కారం. తిరుపతిలో లాడ్జీలకి రూమ్ బుకింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న టీమ్ మాది. నాతో కలిపి ఆరుగురం. నాలుగు నెలల క్రితం స్క్రమ్ మొదలుపెట్టాం, అంటే పనిని చిన్న చిన్న గడువులుగా విడగొట్టి టీమంతా కలిసి చేసే పద్ధతి. రెండు వారాలకొక స్ప్రింట్ (ఆ గడువునే ఇలా అంటారు), రోజూ పొద్దున పదింటికి మీటింగ్. అంతకుముందు ఎవరి చేతిలో ఏ పని ఉందో తెలిసేది కాదు. ఒకే బగ్‌ని ఇద్దరు కూర్చుని సరిచేసిన రోజులున్నాయి. ఆ బాధ ఇప్పుడు పోయింది. కానీ ఇద్దరు సీనియర్లు "రోజూ మీటింగ్ ఎందుకు, వారానికి రెండుసార్లు చాలు, స్ప్రింట్ చివర పెట్టే రెట్రోస్పెక్టివ్ కూడా తీసేద్దాం" అంటున్నారు. పని ఎలా జరిగింది, ఏం మార్చుకోవాలి అని వెనక్కి చూసుకునే మీటింగే రెట్రోస్పెక్టివ్. పాటిస్తే మొత్తం పాటించాలి అని నా వాదన. మీరేమంటారు?

పాకాల జంక్షన్:
మీ సీనియర్లు చెప్పిందే కరెక్ట్ అన్నా. చెన్నైలో ఒక పెద్ద కంపెనీలో ఐదేళ్లు చేశాను. 15 నిమిషాలని మొదలయ్యే మీటింగ్ నలభై నిమిషాలకి తెమిలేది. నిన్నేం చేశావు, ఈరోజేం చేస్తావు, అడ్డమేముంది? ఈ మూడింటికీ ఒక్కొక్కరం మేనేజర్ మొహం చూస్తూ జవాబు చెప్పేవాళ్లం. పక్కవాడు చెప్పేది ఎవరి చెవికీ ఎక్కదు, మన వంతు వస్తే ఏం చెప్పాలా అనే టెన్షన్ తప్ప. నిన్న పని కదలకపోతే ఏం చెప్పాలో రాత్రే తయారు చేసుకునేవాణ్ణి. ఒక్కో పని ఎంత పెద్దదో అంచనా వేసి ఇచ్చే స్టోరీ పాయింట్లు పక్క టీమ్‌తో పోల్చేవారు, అందుకని అందరం అంచనాలు పెంచి చెప్పడం నేర్చుకున్నాం. ఆరుగురు ఒకే గదిలో ఉన్నప్పుడు తల తిప్పి అడిగితే పోయేదానికి ఇంత తతంగం ఎందుకు?

తిరుచానూరు అక్క:
తమ్ముడూ, నువ్వు పడిన బాధ నిజమే. స్క్రమ్ మాస్టర్‌గా పనిచేస్తూ అలాంటి గదులు నేనూ చూశాను. కానీ అక్కడ జరిగింది హాజరు వేయడం. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో ఈ పద్ధతిని బయటపెట్టారు, 2010లో స్క్రమ్ గైడ్ రాశారు. ఇప్పుడున్నది 2020 నాటి కూర్పు, పదిహేను పేజీలు కూడా ఉండదు. అందులో స్టోరీ పాయింట్లు అనే మాటే లేదు. నిలబడి మాట్లాడాలనీ లేదు. నువ్వు చెప్పిన మూడు ప్రశ్నలు పాత కూర్పులో ఉండేవి, 2020లో వాటినీ తీసేశారు. రోజువారీ మీటింగ్ పని చేసేవాళ్ల కోసం. స్ప్రింట్ గోల్ వైపు, అంటే ఆ స్ప్రింట్‌లో సాధించాల్సిన ఒక్క లక్ష్యం వైపు సరిగ్గా పోతున్నామా, ఈరోజు ప్లాన్ మార్చాలా అని వాళ్లు వాళ్లలో వాళ్లు తేల్చుకునే 15 నిమిషాలవి. మేనేజర్‌కి రిపోర్టు ఇవ్వడానికి కాదు.

ఇది చదివే కొత్తవాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. చేయాల్సినవన్నీ ఒకే వరుసలో పెట్టుకునేది ప్రోడక్ట్ బ్యాక్‌లాగ్. ఏది ముందో చెప్పే హక్కు ప్రోడక్ట్ ఓనర్ ఒక్కరిదే. అందులోంచి ఈ స్ప్రింట్‌కి ఎంత పని ఎత్తుకోవాలో చెప్పే హక్కు మాత్రం పని చేసే డెవలపర్లది. ఈ రెండు హక్కులు వేరువేరు చేతుల్లో ఉండటమే దీని ప్రాణమని నేను నమ్ముతాను. పద్ధతి సరిగ్గా నడిచేలా చూసేవారు స్క్రమ్ మాస్టర్. స్ప్రింట్ నెలకి మించకూడదు, టీమ్ సాధారణంగా పదిమందికి మించదు. చివర రివ్యూలో తయారైన పనినే వాడేవాళ్ల ముందు పెట్టాలి. పని 'అయిపోయింది' అంటే ఏంటో కూడా ముందే రాసుకోవాలి. మీ లాడ్జీ బిల్లు మీ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తే అయిపోయినట్టు కాదు. జీఎస్టీ లెక్క సరిపోయి, కౌంటర్లో ఉన్న పాత ప్రింటర్‌లో తెగకుండా బయటికి రావాలి.

కోర్లగుంట గారూ, సగం తీసుకుంటే వచ్చేది స్క్రమ్ కాదని గైడే చెబుతుంది. అక్కడికి మీ వాదన సరైనదే. కానీ మూడు విషయాలు అడుగుతాను. మీ ప్రస్తుత స్ప్రింట్ గోల్ ఏంటి? పదింటి మీటింగ్‌లో ప్రశ్నలు అడిగేది ఎవరు? మధ్యలో కొత్త పని తెచ్చేది ఎవరు?

చిత్తూరు తోతాపురి:
నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. సీజన్లో లారీలు గేటు బయట బారులు తీరి ఉంటాయి. మిషన్ ఆగితే అప్పటికప్పుడు చూడాల్సిందే, రెండు వారాలకి ప్లాన్ ఎట్ల వేసేది? అందుకే గోడకి ఒక బోర్డు పెట్టుకున్నాం. చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి. ఒక మనిషి చేతిలో రెండు పనులకి మించి ఉండకూడదు. దీన్నే కాన్‌బాన్ అంటారు, జపాన్‌లో టొయోటా ఫ్యాక్టరీల్లో పుట్టింది. సీజన్ అయిపోయాక మిషన్లన్నీ విప్పి బాగు చేసేటప్పుడు మాత్రం మేమూ వారాల లెక్కన ప్లాన్ వేస్తాం. మీకు లాడ్జీల నుంచి ఫోన్లు ఆగకుండా వస్తాంటే స్క్రమ్ కన్నా ఇదే మేలు.

కోర్లగుంట:
అక్కా, మీ ప్రశ్నలకి జవాబు రాయడానికి ఒక రోజు పట్టింది. గోల్ అంటూ ఏమీ లేదు. పద్నాలుగు పనుల లిస్టు ఉంది. మీటింగ్‌లో అడిగేది నేనే. మధ్యలో పని తెచ్చేదీ నేనే. బ్రహ్మోత్సవాలకి ముందు లాడ్జీ ఓనర్లు ఫోన్ చేసి ఇది కావాలి, అది కావాలి అన్నప్పుడు, ఆ ఒక్క స్ప్రింట్‌లోనే ఐదు పనులు దూర్చాను. మా సీనియర్లలో ఒకరు రెట్రోస్పెక్టివ్‌లో ఈ మాట ఎత్తారు. నేను "కస్టమర్ కదా" అని దాటేశాను.

పాకాల జంక్షన్:
అయితే వాళ్ల కోపం మీటింగ్ మీద కాదన్నా. చెప్పినా మారనిదానికి మీటింగ్ ఎందుకని వాళ్ల బాధ. అక్కా, గైడ్ ఏం రాసినా సరే, జీతం ఇచ్చే మనిషికి "ఇప్పుడు కుదరదు" అని ఎవరు చెప్తారు? నా చెన్నై అనుభవం మొత్తం అదే. దీనికి మీ దగ్గర జవాబుందా?

తిరుచానూరు అక్క:
టీమ్ చెప్పాల్సిన అవసరం రాకుండా, ప్రోడక్ట్ ఓనర్ స్థానంలో ఉన్న కోర్లగుంట గారే ముందు లాడ్జీ ఓనర్లకి కుదరదని చెప్పాలి. అంతకన్నా వేరే దారి నాకు కనిపించలేదు. బ్యాక్‌లాగ్ వరుసని ప్రోడక్ట్ ఓనర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నడుస్తున్న స్ప్రింట్‌లో మాత్రం గోల్‌కి దెబ్బ తగిలే మార్పు చేయకూడదు. ఏ పని ఎంతవరకు చేయాలనేది టీమ్‌తో కూర్చుని సర్దుకోవచ్చు. గోల్‌కే అర్థం లేకుండా పోతే స్ప్రింట్‌నే రద్దు చేసే హక్కు కూడా ఆయనకే ఉంది. ఇక ఫోన్ల సంగతి. తోతాపురి అన్న చెప్పింది కొట్టిపారేసేది కాదు. ఆ పనికి వేరే మనిషిని పెట్టి, స్ప్రింట్ నిండా పని కుక్కకుండా చోటు వదలండి. రెట్రోస్పెక్టివ్ మాత్రం తీసేయకండి. మీకు ఆ మాట చెప్పడానికి వాళ్లకున్న చోటు అదొక్కటే.

కోర్లగుంట:
ఈరోజు అందరం కూర్చున్నాం. వచ్చే రెండు స్ప్రింట్లు పదింటి మీటింగ్‌కి నేను వెళ్లను. పిలిస్తేనే వెళ్తాను. ఫోన్లకి వారానికొకరు వంతు. ఈసారి గోల్ ఒక్కటే: అడ్వాన్స్ కట్టిన రూమ్ రద్దయితే వాపసు లెక్క పైసాతో సహా సరిపోవాలి. ఆ సీనియర్ గారికి క్షమించమని చెప్పాను. రెట్రోస్పెక్టివ్ ఉంచుదామని ఆయనే అన్నారు. రోజూ మీటింగ్ విషయంలో మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, రెండు స్ప్రింట్ల తర్వాత చూద్దామన్నారు.

చిత్తూరు తోతాపురి:
ఫోన్ల వంతు మనిషికి ఒక బోర్డు పెట్టివ్వండి. చేతిలో రెండుకి మించి వద్దు. మూడోది వస్తే మీ దగ్గరికే పంపమనండి.