అప్‌డేట్: నిమ్మ చిగుళ్లపై వెండి గీతలు, సమస్య తీరింది

సంక్రాంతి తర్వాత హనుమకొండలోని మా మేడమీద కుండీలో ఉన్న నిమ్మ చెట్టుకు చిగుళ్లు ముడుచుకుపోతున్నాయని, ఆకులపై నత్త పాకినట్టు వెండి గీతలు పడుతున్నాయని ఇక్కడ అడిగాను. వేపనూనె కొట్టమని, సున్నం వేయమని, కుండీ మార్చమని, ఎప్సం సాల్ట్ (మొక్కలకు వేసే మెగ్నీషియం ఉప్పు) వేయమని సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఉద్యానశాఖలో పనిచేసే మా బంధువు ఒక ఆకు తెంపి వెలుతురుకు పట్టి చూపించారు. గీత చివర, మడతపడ్డ అంచు కింద, లేత పసుపు రంగు పురుగు. బియ్యపు గింజలో సగం కూడా లేదు! లీఫ్ మైనర్ అంటారట. లేత ఆకు పొరలోనే తొలుచుకుంటూ పోతుంది, ముదిరిన ఆకు జోలికి పెద్దగా రాదు.

పనిచేసింది వేపనూనె సలహాయే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్లు. చిగురు లేతగా ఉన్నన్నాళ్లూ వారానికోసారి, సాయంత్రం పూట. పాడైన ఆకులు బాగుపడలేదు, తరువాతి చిగురు మాత్రం శుభ్రంగా విప్పుకుంది.

సున్నం, కుండీ మార్చడం, ఎప్సం సాల్ట్‌లకు దీనితో సంబంధం లేదు. (ఆ ప్యాకెట్ ఇంకా మెట్ల కిందే ఉంది.) పురుగుకు విందు పెట్టింది నేనే: జనవరిలో గుప్పెడు యూరియా వేశాను, ఆగకుండా లేత చిగురు వచ్చింది. ఇప్పుడు మాగిన పశువుల ఎరువు మాత్రమే వేస్తున్నాను. శివరాత్రి నాటికి నాలుగు మొగ్గలు కనిపించాయి.