68 ఏళ్ళ ఒంటరి వంటవాడిని: రైతు బజారులో ఏం కొనాలో చెప్పండి

జమాఖర్చు, పెదవాల్తేరు

అందరికీ నమస్కారం. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల విభాగంలో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. అమ్మాయి పురిటికని మా ఆవిడ అమెరికా వెళ్ళి రెండు నెలలైంది. ఇంకో నాలుగు నెలల దాకా రాదు. ఈలోగా వంటిల్లు నా చేతికి వచ్చింది. నాకు వచ్చిన వంటలు మూడు: అన్నం, పప్పు, ఉప్మా. కాఫీని కూడా కలిపితే నాలుగు, కానీ దాన్ని వంట అనరని మా ఆవిడ తీర్పు.

బెంగళూరులో ఉన్న అబ్బాయి ఒక జాబితా పంపాడు. ముసలితనం ఆలస్యంగా రావాలంటే ఇవి తినాలట: క్వినోవా, చియా గింజలు, అవకాడో, బ్లూబెర్రీలు. ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి ధరలన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను (రాసుకోవడం నాకు జబ్బు). ఒక్క అవకాడో 190 రూపాయలు. రాయిలా ఉంది. మూడు రోజుల్లో పండుతుందన్నారు. అది మూడో రోజు రాత్రి నేను పడుకున్నాక పండి, తెల్లవారేలోగా కుళ్ళినట్టుంది. కోస్తే లోపలంతా నలుపు. ఖర్చు పద్దు రాశాను. జమ వైపు ఏమీ లేదు.

అంతే డబ్బుతో మా విశాఖలో ఎంవీపీ కాలనీ రైతు బజారులో సంచి నిండింది. కానీ ఇంటికి వచ్చి బోర్లిస్తే అన్నీ బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, టమాటాలే. 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి నుంచి మా ఆవిడ వెనకాల సంచి పట్టుకుని తిరుగుతున్నాను గానీ, ఆకుకూరల వరుసలో ఏది పొన్నగంటో ఏది గంగవాయిలో ఇప్పటికీ తెలియదు. అడగడానికి మొహమాటం వేసి దుంపల దగ్గర ఆగిపోయాను.

మా నాయనమ్మది విజయనగరం వైపు పల్లె. చోడి (రాగి పిండి) అంబలి, ఉలవచారు, పెరట్లో ఆకు తిని చాలాకాలం బతికింది. ఎన్నేళ్ళని మాత్రం అడగకండి. ఆవిడ వయసుకు ఆధారం ఒక తుఫాను. అది వచ్చిన ఏడాది తనకు నడక వచ్చిందనేది, ఏ తుఫానో ఎవరికీ తెలియదు.

అసలు భయం వేరే ఉంది. నిరుడు 20 లీటర్ల నీళ్ళ డబ్బా నేనే ఎత్తి పెట్టేవాడిని. ఈ ఏడు ఎత్తలేకపోతున్నాను. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. బరువు 62 కిలోలు. రక్తపోటుకు ఒక మాత్ర, చక్కెర వ్యాధి లేదు. గుడ్డు, చేప తింటాను. ఎడమవైపు కింది దవడలో రెండు పళ్ళు లేవు.

నిన్నటి పద్దు: పొద్దున కాఫీ, బండి దగ్గర మూడు ఇడ్లీలు. మధ్యాహ్నం ఒక గ్లాసు బియ్యం అన్నం, గుప్పెడు కందిపప్పు, ఆవకాయ, చిన్న గిన్నెడు పెరుగు. సాయంత్రం కాఫీ, నాలుగు బిస్కెట్లు. రాత్రి ఉప్మా. బీచ్ రోడ్డు నడకలో అప్పుడప్పుడు సొరకాయ రసం. ఇందులో ఏది తీసేయాలి, ఏది చేర్చాలి?

సందేహి, మధురవాడ

ఆ జాబితాలు చూసి కంగారు పడకండి మాస్టారూ. జపాన్‌లో ఒకినావా ద్వీపాన్ని దీర్ఘాయువుకు పెట్టింది పేరంటారు కదా, 1949 ప్రాంతంలో అక్కడి వాళ్ళ తిండిలో పెద్ద భాగం చిలగడదుంప. సంక్రాంతి రోజుల్లో మన వీధుల్లోకి తోపుడు బండి మీద వచ్చేదే. ఇంకో సంగతి. వందేళ్ళు దాటినవాళ్ళు ఎక్కువగా ఉన్నారని చెప్పే చోట్ల చాలావాటిలో పుట్టినతేదీల రికార్డులే సరిగా లేవని చూపించిన సాల్ జస్టిన్ న్యూమన్ అనే పరిశోధకుడికి 2024లో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది) ఇచ్చారు. మీ నాయనమ్మగారి తుఫాను లెక్క లాంటివే అక్కడా ఉన్నాయన్నమాట.

పథ్యం టీచర్, సీతమ్మధార

ఆసుపత్రుల్లో పోషకాహార నిపుణురాలిగా చాలా ఏళ్ళు పని చేశాను. మీరు పద్దు రాసి పెట్టారు కాబట్టి నా పని తేలికైంది.

మీ రోజు మొత్తంలో ప్రొటీన్ సుమారు 35 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు చెప్పే మోతాదు కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే మీకు 51 దాటాలి. అరవై దాటినవాళ్ళకు కిలోకు ఒక గ్రాము, ఇంకాస్త పైన ఉంటే మేలని వృద్ధుల ఆహారం చూసే నిపుణులు చాలామంది అంటారు. అలా చూస్తే మీ ఖాతాలో దాదాపు సగం లోటు. నీళ్ళ డబ్బా ఎత్తలేకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. ఈ వయసులో కండ దానంతటదే తరుగుతుంది, తిండి కూడా తగ్గితే తరుగు ఇంకా వేగంగా ఉంటుంది.

ఇక నాయనమ్మగారి తిండి. చోళ్ళు నిజంగా మంచివే. వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో పది దగ్గర ఆగుతుంది. మీకు రోజుకు కనీసం వెయ్యి కావాలి. కానీ చోళ్ళలో ప్రొటీన్ ఏడు గ్రాములే. కాబట్టి అంబలి తాగేశాను, ఇక ఏనుగు బలం వస్తుందని కూర్చోకండి. బలం ఉలవల్లో ఉంది: వందకు 22 గ్రాములు. రాత్రి నానబెట్టి ఉడికించి, కట్టుతో చారు పెట్టుకోండి, గింజల్ని మాత్రం పారేయకండి. ప్రొటీన్ ఎక్కువగా ఉండేది గింజలోనే. మన ఇళ్ళలో చారు మనుషులకు, గింజలు గేదెకు పోయేవి. ఎవరు బలంగా ఉండేవారో మీకే తెలుసు.

ఆకుకూరలు వారానికి నాలుగైదు సార్లన్నా వండండి. ఫోలిక్ యాసిడ్ పేరులోనే ఆకు ఉంది, లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఉడికించిన నీళ్ళు పారబోస్తే అది చాలావరకు నీళ్ళతో పోతుంది. దించాక నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కాఫీని భోజనానికి గంట ఎడంగా జరపండి. పేరు తెలియకపోతే అమ్మేవాళ్ళను అడగండి, వండే విధం కూడా చెప్పి పంపుతారు. అందులో మొహమాటం ఏముంది?

ఆవకాయ ముక్క ఒకటి చాలు, అదీ రోజూ వద్దు. రోజంతటికీ ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదు. సొరకాయ రసం మానేయండి. చేదు సొరకాయ పచ్చిరసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. బండి దగ్గర కాయ చేదో కాదో ముందు రుచి చూసి తీయరు.

ఒక షరతు. ఈ ప్రొటీన్ లెక్క అమల్లో పెట్టే ముందు కిడ్నీ పరీక్ష చేయించండి, రక్తపోటు ఉన్నవారు కదా. ఇది చదువుతున్న మిగతావాళ్ళకూ ఒక మాట: రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, డాక్టరుకు చెప్పి చేయాలి.

హార్బరు గాలి, కొత్త జాలారిపేట

బాబాయిగారూ, మాది చేపల వేటకు వెళ్ళే కుటుంబం. మీలాంటివాళ్ళు హార్బరుకు వచ్చి వంజరం ధర అడిగి, వెనక్కి తిరిగి కోడిమాంసం కొనుక్కుని వెళ్తారు. పక్క తట్టలో కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు ఉంటాయి, వాటివైపు చూడరు. గుండెకు మంచిదని జనం మాత్రల్లో మింగే చేపనూనె కవళ్ళలో, కానాగంతల్లో సహజంగానే ఉంది. నెత్తళ్ళు ముల్లుతోనే తినేయవచ్చు, అది కాల్షియమే. చింతపండు పులుసులో సన్నమంట మీద కాగితే ముల్లు ఇంకా మెత్తబడుతుంది. పళ్ళు లేవన్నారు కాబట్టి చెబుతున్నాను.

పొద్దున్నే రండి. కన్ను మెరుస్తూ ఉండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. కోసి శుభ్రం చేసి ఇచ్చేవాళ్ళు అక్కడే ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆగుతుంది. అప్పుడు ఎండుచేపల మీద పడకండి, మీ రక్తపోటుకు ఆ ఉప్పు పనికిరాదు. ఆ రెండు నెలలూ గుడ్లతో సరిపెట్టుకోండి.

చిన్నకోడలు, గాజువాక

అందరూ తిండి గురించి చెప్పారు. నేను నోట్లో పళ్ళ గురించి చెబుతాను.

మా అత్తగారికి 83. రెండేళ్ళ కిందట కూరలు వద్దనడం మొదలుపెట్టారు. తోటకూర వద్దు, బెండకాయ వద్దు, వేరుశనగపప్పు అసలే వద్దు. కాఫీలో బన్ను ముంచుకుని తినేవారు. వయసు మీద పడింది, ఆకలి చచ్చిపోయిందని మేమంతా అనుకున్నాం. జాకెట్టు చేతులు వదులైతే నేనే రెండుసార్లు కుట్టు వేసి బిగించాను గానీ, ఎందుకు వదులవుతున్నాయో ఆలోచించలేదు. ఒకరోజు పళ్ళసెట్టు తీసి పక్కన పెట్టి ఉంటే, చిగురు మీద రూపాయి బిళ్ళంత పుండు కనిపించింది. సెట్టు వదులై రాసుకుపోతోంది. ఖర్చు పెట్టిస్తానేమోనని ఆవిడ నోరు విప్పలేదు. కొత్త సెట్టు కట్టించిన నెలకు, నేను అడగకుండానే గోంగూర పప్పు వండమన్నారు.

మీరు ఆ రెండు పళ్ళ సంగతి ముందు చూడండి బాబాయిగారూ. కుడివైపుతోనే నమిలి, గట్టివన్నీ ఒక్కొక్కటే మానేసి ఉంటారు. మీ పద్దులో నమలాల్సిన వస్తువు ఒక్కటీ లేదు, మళ్ళీ చదువుకోండి.

అప్పటిదాకా నువ్వులు, వేరుశనగలు వేయించి పొడి కొట్టుకోండి, అన్నంలోకీ ఇడ్లీలోకీ సరిపోతుంది. ఉలవలు ఉడికాక రుబ్బి చారులోనే కలిపేయండి. మా పెరటి మునగచెట్టు 2014లో హుద్‌హుద్ తుఫానుకు నడుముదాకా విరిగిపోయింది, మళ్ళీ చిగిర్చింది. ఆ ఆకు పప్పులో గుప్పెడు వేస్తాను. ఎవరింట్లో ఉన్నా అడగండి, మునగాకుకు డబ్బు తీసుకునేవాళ్ళు మన వైపు తక్కువ.

జమాఖర్చు, పెదవాల్తేరు

పది రోజుల తర్వాత రాస్తున్నాను. చిన్నకోడలు గారూ, మీ మాట చదివి పద్దు మళ్ళీ చూశాను. నిజమే. వేరుశనగ ఉండ తినడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు. పళ్ళ డాక్టరు రెండు దఫాలుగా రమ్మన్నారు, ఒకటి అయింది. కిడ్నీ పరీక్ష బాగానే ఉంది.

కొత్త పద్దు: పొద్దున ఇడ్లీలకు తోడు రెండు గుడ్లు. మధ్యాహ్నం పప్పు రెట్టింపు, అందులో ఏదో ఒక ఆకు. గంగవాయిలి ఏదో ఇప్పుడు తెలుసు, పుల్లగా బాగుంది. సాయంత్రం బిస్కెట్లు పోయి ఉడికించిన సెనగలు వచ్చాయి. రాత్రి ఉప్మా పోలేదు, దాని పక్కన పెరుగు పెద్ద గిన్నెకు మారింది. మొన్న ఆదివారం హార్బరుకు వెళ్ళి కానాగంతలు తెచ్చాను. పులుసు బాగానే కుదిరింది, కాకపోతే వీధిలో పిల్లులన్నీ నా వంటను మెచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాయి. టీచరు గారి లెక్కతో కూడితే చేప లేని రోజు 58, ఉన్న రోజు 70 దాటుతోంది. అవకాడో నష్టం పోను నెల ఖర్చు పెద్దగా పెరగలేదు.

ఒక్కటే కుదరడం లేదు. చోడి అంబలి ఎన్నిసార్లు కాచినా ఉండలు కడుతోంది. మా ఆవిడను అడిగితే తనకు అక్కడ అర్ధరాత్రి.

పథ్యం టీచర్, సీతమ్మధార

మరిగే నీళ్ళలో పిండి పోస్తున్నారు కదూ? ముందు పిండిని చన్నీళ్ళలో జారుగా కలిపి, దాన్ని మరిగే నీళ్ళలో పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. చల్లారాక మజ్జిగ పోసి, ఒక ఉల్లిపాయ తరిగి వేసుకోండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజుకు పదిసార్లతో మొదలుపెట్టి, అది కూడా పుస్తకంలో రాయండి. తిన్న ప్రొటీన్‌కు పని చెప్పకపోతే కండ రాదు.

జమాఖర్చు, పెదవాల్తేరు

పోయడం తిరగేశాను. ఉండలు లేవు. కుర్చీ ఇవాళ ఆరుసార్లు, ఏడోసారికి బల్ల పట్టుకున్నాను, ఆరే రాశాను.